ఒక గుంటంత చుక్క

మా బావమరిది సింగరేణిలో సర్వే పని చేసి రిటైరయ్యాడు. కాకతీయ ఖని గనుల్లో డంపీ లెవెల్ పట్టి మొదలుపెట్టి, టోటల్ స్టేషన్ దాకా చూసిన మనిషి. మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి భూపాలపల్లిలోనే డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతోంది. వేసవి నుంచి ఆదివారాలు ఎనిమిదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్పుతోంది. ఉపగ్రహ చిత్రాలను, వానల లెక్కలను చదవడానికి పనికొచ్చేంత మేరకే. సంగతి తెలిసి ఒక సాయంత్రం మేనమామ వచ్చాడు. నేను మధ్యలో పెద్దగా దూరలేదు. డిగ్రీ పిల్లలున్న ఇళ్లలో ఈ వాదం ఒకసారి నడవాలనిపించి, మతికున్నంత వరకు వాళ్ల మాటల్లోనే రాస్తున్నాను.

మామ: పోరగాండ్ల ఆదివారాలన్నీ నువ్వే తీసుకుంటున్నవట. వాళ్లకు గ్రూప్స్ ఉన్నయ్, సింగరేణి నోటిఫికేషన్లున్నయ్, బీఎడ్ ఉన్నది. నువ్వు చెప్పేదానితోని ఏ నౌకరి వస్తదే బిడ్డా?

మేనకోడలు: నౌకరి వస్తదని నేను ఎవ్వలికీ చెప్పలే మామా. బీయస్సీ పిల్లలు ప్రాక్టికల్ రికార్డుల పోయినేడు సీనియర్లు రాసిన రీడింగులే దించుకుంటున్నరు. సొంతంగ ఒక లెక్కను మొదటి అంకె నుంచి ఆఖరి అంకె దాంక చేసినోళ్లు ఒక్కలు లేరు. అది చేయించాల్నని పట్టుకున్న.

మామ: చేయించు. కానీ కంప్యూటర్ ముందల ఎందుకు? మేం గొలుసు పట్టుకొని ఎండల నడిచినం. నేల కింద బుగ్గదీపం వెలుతుర్ల రీడింగ్ తీసినం. నువ్వేమో ఏడు వందల కిలోమీటర్ల పైకెల్లి తీసిన ఫోటో చూపెట్టి, ఇదే భూమి అంటవ్.

మేనకోడలు: ఫోటో అనుకోవద్దనే మొదటి రోజు చెప్తా. తెరమీద బొమ్మ లెక్క కనపడ్తది గని, లోపల ఉన్నది అంకెల పట్టిక. అడ్డం వరుసలు, నిలువు వరుసలు. ఒక్కో గడిల ఒక్కో అంకె, ఆ జాగనుంచి ఎంత వెలుగు తిరిగొచ్చిందో చెప్పేది. మొదటి క్లాసుల కంప్యూటరే తెరవలే. గ్రాఫ్ కాగితం మీద ఐదు గడులు అడ్డం, ఐదు నిలువు గీసి, 0 నుంచి 255 దాంక అంకెలిచ్చి, పెన్సిల్‌తోని షేడ్ చెయ్యమన్న. సున్నా అంటే నలుపు, 255 అంటే తెలుపు. చేసినంక ఒక పిల్ల అడిగింది, "ఇంతేనా మేడం ఫోటో అంటే?" అని. ఇంతే. ఆ పట్టికను కూడుడు, తీసేసుడు, సగటు తీసుడు చేతనైతే చిత్రాన్ని చదువుడు మొదలైనట్టే.

మామ: ఒక్క గడి భూమ్మీద ఎంత?

మేనకోడలు: మేం వాడేది సెంటినెల్-2, యూరప్ వాళ్లది. మొదటిది 2015ల, రెండోది 2017ల పంపిన్రు. సెంటినెల్-2 ఉపగ్రహాలు జంటగ తిరుగుతూ ఐదు రోజులకోపారి మన మీదికెల్లి పోతయ్. ఆ అంకెలు ఎవ్వలికైనా ఉచితం, భూపాలపల్లిల కూసున్నోళ్లకైనా, బాలానగర్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ, అదే రిమోట్ సెన్సింగ్ కేంద్రంల కూసున్నోళ్లకైనా. ఒక్కో గడి పది మీటర్లు పొడుగు, పది మీటర్లు వెడల్పు.

మామ: అంటే వంద చదరపు మీటర్లు. గుంటంత.

మేనకోడలు: గుంటంతే! ఆ మాట చెప్పంగనే పిల్లల మొఖాలు మారినయ్. పిక్సెల్ అంటే తలకాయూపిన పిల్లలు, గుంట అంటే ఎవలి పొలంల ఎన్ని చుక్కలున్నయో లెక్కవెట్టుకున్నరు.

మామ: ఆగు. గుంటంత అన్న, గుంట అనలే. గుంటంటే 121 గజాలు, 101.17 చదరపు మీటర్లు. నీ చుక్క వంద. నలభై చుక్కలకు ఎకరం అని నీ పిల్లలు లెక్కేసిన్రనుకో, వెయ్యెకరాల చెరువు కాగితం మీద వెయ్యిన్ని పన్నెండెకరాలైతది. లేని పన్నెండెకరాలు పుట్టినయ్. శిఖం భూమి కాడ పన్నెండెకరాలంటే ఎన్ని కొట్లాటలో నీకు తెల్వది.

మేనకోడలు: తెల్సు మామా, అందుకే ప్రోగ్రాంల నలభైతోని భాగించలే. చుక్కలను వందతోని గుణించి, ఎకరానికుండే చదరపు మీటర్లు 4046.86తోని భాగించినం. ఆ అంకె ఎక్కడిదో పక్కనే ఒక వరుస రాసి పెట్టినం.

మామ: సరే. అంచు సంగతేంది? గణపసముద్రం కట్ట పొంటి సగం నీళ్లు, సగం రాయి ఉన్న చుక్కను ఏమంటవ్? నీళ్లా, కట్టా?

మేనకోడలు: అదే అసలు కష్టం. ఆ చుక్క అంకె రెండిటి నడుమ ఉంటది. గీత ఎక్కడ గియ్యాల్నో మనమే తేల్చాలె. గీత కొంచెం ఇటు జరిపితే చెరువు పెరుగుతది, అటు జరిపితే తరుగుతది. అందుకే ఒక్క అంకె చెప్పకుండ, మూడు గీతలు గీసి మూడు విస్తీర్ణాలు రాయమన్న. పిల్లలకు మొదట్ల నచ్చలే, ఒకటే జవాబు ఉండాలంటరు. పరీక్షలు అట్ల అలవాటు చేసినయ్.

మామ: మూడు రాయించినవంటే కొంత నయమే. అయితే ఇంకోటి అడుగుత. 2023 జులై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. జనం ఇండ్ల మీదెక్కిన్రు, హెలికాప్టర్లు రావాల్సొచ్చింది. ఆ పొద్దు నీ ఉపగ్రహం ఏం చూసింది?

మేనకోడలు: ఏం చూడలే. అంతా మబ్బు. వెలుతురు మీద ఆధారపడే ఉపగ్రహం వానాకాలం గుడ్డిదైతది. మబ్బులకెల్లి చూసేది రాడార్, సెంటినెల్-1. అది కూడ ఆ గంటకే పైన ఉండాలని లేదు. వాగు ఉరికొచ్చి తగ్గినంక పోతే ఇసుక మేట కనపడ్తది గని, ఇంటిమీద నిలవడ్డ మనిషి కనపడడు.

మామ: మేడిగడ్డ బ్యారేజీ?

మేనకోడలు: 2023 అక్టోబర్ 21న పిల్లర్లు కుంగినయ్. పది మీటర్ల చుక్కల ఆ కుంగుడు కనపడదు. ఆ తర్వాత నీళ్లు వదిలిపెడితే వెనుక నది ఎండిపోయింది చూడు, అది సక్కగ కనపడ్తది. ఏది కనపడ్తది, ఏది కనపడది అని రెండు కాలాల పట్టిక పిల్లలతోనే రాయించిన.

మామ: కనపడనిదాన్ని ఒప్పుకుంటున్నవ్, మంచిదే. మరి ఆ మోరంచ వాన లెక్కన్న పట్టుకున్నరా?

మేనకోడలు: పట్టుకున్నం. అక్కడ్నే నాకు పెద్ద పాఠం అయింది. వాన కొలతల ఫైలు తెచ్చుకుంటే అందుల ఖాళీలుంటయ్. పరికరం ఆగిపోయిన రోజు ఖాళీ, వాన పడని రోజు సున్నా. ఖాళీని సున్నాగ చదివితే మండలం సగటు పడిపోతది. అది మొదటి మెట్టు, పిల్లలు తొందరగనే పట్టుకున్నరు. రెండో మెట్టు తప్పుడు అంకెలు ఏరుడు. పరికరం చెడిపోతే ఒక్కోసారి నమ్మలేనంత పెద్ద అంకె వస్తది. ఒక పిలగాడు తెలివిగ నియమం రాసిండు. తెలంగాణల అప్పటిదాంక రికార్డు 2013 జులై 19న వాజేడుల పడ్డ 517.5 మిల్లీమీటర్లు, కాబట్టి 24 గంటల్ల 550 దాటిన అంకె తప్పు, తీసెయ్యాలె అని. నేను కూడ మంచిగుంది అన్న.

మామ: (ముందుకు వంగి) తీసేసిన్రా?

మేనకోడలు: ప్రోగ్రాం తీసేసింది. గ్రాఫ్ నున్నగ వచ్చింది. ఆ తీసేసిన అంకెలేందో తెల్సా? ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల 649.8. మన జిల్లా చిట్యాలల 616.5. మోరంచపల్లి మునిగిన రాత్రి పడ్డ వాన. ఆ వాననే లెక్కలోంచి తుడిచేసినం మామా.

మామ: చూసినవా? నేను చెప్పేది అదే. ఆ రాత్రి ఇంటిమీదెక్కినోడిని అడిగితే ఆ అంకె నిజమని చెప్తడు. నీ ప్రోగ్రాంకు ఆ రాత్రి తెల్వది. నేల తెల్వనోళ్ల చేతికి ఈ పనిముట్టు ఇస్తే వాళ్లు వరదను తుడిచి నున్నటి గ్రాఫ్ గీస్తరు.

మేనకోడలు: ఒప్పుకుంటున్న. కానీ ఆ తుడుపు దొరికిందెట్లనో కూడ విను. నియమం ప్రోగ్రాంల ఒక వరుసగ రాసి ఉన్నది కాబట్టి దొరికింది. రేగొండ నుంచి వచ్చే పిల్ల ఆ వరుస చదివి, "సార్, జులై 27 ఏది?" అని ఆ పిలగాన్నే అడిగింది. అదే ఎక్సెల్‌ల చేతితోని ఎంచి డిలీట్ కొట్టి ఉంటే ఎవ్వలు తీసిన్రో, ఎందుకు తీసిన్రో ఈ జన్మల తెలిసేది కాదు.

నా బావమరిది ఇక్కడ కొంచెంసేపు మాట్లాడలేదు. టీ తాగాడు. తర్వాత ఎత్తుకున్నది నేను ఊహించని ప్రశ్న.

మామ: రాసుడు ముఖ్యం అంటున్నవ్. మరి ఇప్పుడు ఫోన్ల అడిగితే ప్రోగ్రాం అదే రాసిస్తదట గదా. మా పక్కింటి పిలగాడు చూపెట్టిండు. ఇంక నేర్చుకునుడు ఎందుకు? అడిగి రాయించుకుంటే అయిపాయె.

మేనకోడలు: నేనూ అడిగిన. ఏమైందో చెప్తా. పచ్చదనం లెక్క ఒకటుంటది. ఆకు ఎర్ర వెలుతురును మింగుతది, కంటికి కనపడని పరారుణ వెలుతురును తిప్పికొడ్తది. ఆ రెండు అంకెల తేడాను రెండిటి మొత్తంతోని భాగిస్తే మైనస్ ఒకటికి, ఒకటికి నడుమ ఒక అంకె వస్తది. దట్టమైన అడివికి 0.7 దాటి కూడ వస్తది, ఎండిన చెల్కకు తక్కువొస్తది. నీళ్లు పరారుణాన్నే ఎక్కువ మింగుతయ్, కాబట్టి నీళ్లకు సున్నా కింద రావాలె. మహదేవపూర్ దిక్కు 2020 డిసెంబర్ చిత్రం తీసుకొని, ఫోన్ రాసిచ్చిన నాలుగు వరుసలు నడిపించిన. బొమ్మ వచ్చింది. అందంగ ఉన్నది. అమ్మకు చూపెట్టిన, నీకూ పంపిన. అప్పుడు నువ్వు ఫోన్‌ల ఏమన్నవో యాదికున్నదా?

మామ: ఎందుకు లేదు! "గోదావరిల అడివెప్పుడు మొలిసిందే?" అన్న. నది ముదురాకుపచ్చ, అడివేమో ఎండిపోయినట్టు.

మేనకోడలు: అవును. కారణం వెతికేందుకు ఒక రాత్రంతా పట్టింది. ఆ అంకెలు దాచిన పెట్టెలు 0 నుంచి 65,535 దాంకనే పట్టేవి. మైనస్ గుర్తుకు జాగ లేదు. నీళ్ల మీద పరారుణం 300, ఎరుపు 500 అనుకో. 300ల నుంచి 500 తీసేస్తే మైనస్ 200. జాగ లేదు కాబట్టి చుట్టు తిరిగి 65,336 అయితది. స్కూటర్ మీటరును సున్నా కాడ ఎనుకకు తిప్పితే తొమ్మిదులు పడ్డట్టు. దాన్ని 800తోని భాగిస్తే 81 దాటింది. ఒకటి దాటకూడని అంకె! ఎర్రర్ ఏం రాలే. కంప్యూటర్ ఒక్క మాట అనలే, బొమ్మ గీసిచ్చింది. మందు ఒక్క వరుస: తీసివేతకు ముందే అంకెలను దశాంశాలుగ మార్చుకోవాలె.

మామ: మరి పట్టుకున్నదెవలు? పైథాన్ నేర్చిన నువ్వా, గోదావరి తెల్సిన నేనా?

మేనకోడలు: నువ్వే పట్టుకున్నవ్. కానీ ఎక్కడ చెడిందో నువ్వు చెప్పలేకపోయినవ్. నువ్వు ఆ బొమ్మను చించి పారేసేటోనివి. నేను బాగుచేసిన. ఇంకోటి మామా, నది తప్పు కాబట్టి నీకు కనపడ్డది. తప్పు చిన్నగ ఉంటే? 2022 జనవరి 25 నుంచి ఆ ఉపగ్రహం అంకెలన్నిటికి 1000 కలిపి ఇస్తున్నరు. తీసేసుకోవాల్సింది మనం. అది తెల్వక పాతదానితోని పోల్చినమనుకో. పరారుణం 3000, ఎరుపు 500 ఉన్న అడివికి 0.71 రావాలె, 0.45 వస్తది. అడివి అంతే ఉన్నది, కాగితం మీద మాత్రం ఒక్క ఏడాదిల మూడో వంతుకు పైగ తగ్గింది. ఇది చూసి ఎవలన్నా "భూపాలపల్లి అడివి మాయమైంది" అని రాస్తే నీకైనా అనుమానం వస్తదా? చెట్లు కొడుతున్న మాట నిజమే గదా అని నమ్ముతవ్.

మామ: (నిదానంగా) బెంచ్‌మార్క్ మార్చిన్రన్నమాట. మార్చినోళ్లు రాసి పెట్టలేదా?

మేనకోడలు: రాసి పెట్టిన్రు. చదవంది మనమే.

మామ: బెంచ్‌మార్క్ చదవకుండ లెవెల్ మొదలువెట్టినోణ్ని మేం గనిలకు దిగనిచ్చేటోళ్లం కాదు. 1975 డిసెంబర్ 27న చాస్నాలాల నీళ్లు గనిలకు తోసుకొచ్చి 375 మంది పోయిన్రు. నేను పనిల చేరినప్పుడు పెద్ద సర్వేయర్లు మొదట చెప్పిన కథ అది. పక్కన పాత నీళ్ల గుంత ఎంత దూరంల ఉన్నదో తెల్వకుండ ఒక్క అడుగు ముందుకు పోవద్దు. అందుకే ఫీల్డ్ బుక్కు. రీడింగ్ తప్పు రాస్తే చెరిపేది లేదు. అడ్డం గీత కొట్టి పైన రాయాలె, కొట్టేసింది కూడ చదివేటట్టు ఉండాలె. నేను చచ్చినంక వచ్చేటోడు ఆ బుక్కు పట్టుకొని అదే జాగల నిలవడి, అదే రీడింగ్ తియ్యాలె.

మేనకోడలు: మామా, నేను పిల్లలకు నేర్పేది ఆ ఫీల్డ్ బుక్కే. ప్రోగ్రాం అంటే ఏ అంకె ఎక్కడనుంచి తెచ్చినం, ఏది తీసేసినం, ఎందుకు తీసేసినం, దేనితోని భాగించినం అని వరుసగ రాసిన బుక్కు. తేడా ఒక్కటే, దాన్ని ఇంకొకలు మళ్ల నడిపించి అదే జవాబు వస్తదో రాదో చూసుకోవచ్చు. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌ల బటన్లు నొక్కితే చిత్రం వస్తది గని, ఏ బటన్లు నొక్కినమో రేపటికి మనకే యాదికుండది. ఫోన్ రాసిచ్చిన ప్రోగ్రాం చదవరాకుంటే వేరేటోని ఫీల్డ్ బుక్కు మీద మనం సంతకం పెట్టినట్టే.

మామ: అట్లయితే మొదటి మూడు నెలలు ఫోన్ ముట్టనియ్యకు.

మేనకోడలు: అది ఒప్పుకోను. ముట్టనియ్యకపోతే ఇంటికి పోయి దొంగతనంగ అడుగుతరు. నా ముందలనే అడగమంట. రాసిచ్చిన ప్రతి వరుసకు అంకెలు పెట్టి చేతితోని చేసి చూపెట్టుమంట. గోదావరి బొమ్మను అట్లనే ఇచ్చిన, తప్పేదో మీరే చెప్పుమని.

మామ: పట్టుకున్నరా?

మేనకోడలు: ఎనిమిదిమందిల ముగ్గురు. ఒకడు ఫోన్‌నే మళ్ల అడిగిండు, అది సవరించి ఇచ్చింది. ఎందుకు సవరించిందో చెప్పుమంటే వానికి రాలే.

మామ: అందుకే ముట్టనియ్యకంటున్న.

మేనకోడలు: అందుకే నా ముందల అడగమంటున్న.

ఈ ఒక్క ముచ్చట తెగలేదు. ఇప్పటికీ తెగలేదు. నాకు అమ్మాయి మాటే సరి అనిపిస్తోంది గానీ, కొట్టేసిన రీడింగును కూడా దాచుకున్న మనిషి భయం ఊరికే వచ్చిందని అనలేను.

మామ: ఒక షరతు మీద నీ క్లాసుకు నేను అడ్డం చెప్ప. కంప్యూటర్‌ల చెరువు కొలిచే ముందు చెరువు కాడికి తోలుకపోవాలె. గొలుసు నేను తెస్త. పది మీటర్లకు పది మీటర్లు నేలమీద సున్నంతోని గీస్త. ఆ గీతల నడుమ ఏమేం ఉన్నయో, ఎంత గడ్డి, ఎంత బురద, ఎన్ని రాళ్లు, పిల్లలు చేతితోని రాయాలె. అప్పుడు వాళ్లకు ఒక్క చుక్కల ఎంత దాగి ఉన్నదో తెలుస్తది.

మేనకోడలు: నేను అడుగుదామనుకున్నది నువ్వే అన్నవ్. కానీ వరుసలు ఎట్ల లెక్కవెడ్తరో నువ్వు కూడ నేర్చుకోవాలె. మీరు ఉత్తరం పైకి పోతే అంకె పెంచుతరు. మా పట్టికల సున్నా నుంచి మొదలై, అంకె పెరిగితే కిందికి, దక్షిణం దిక్కు దిగుతది. మొదట వరుస, తర్వాత నిలువు. ఈ రెండు తారుమారైతే చెరువు ఊరవతల తేలుతది.

మామ: సున్నా నుంచా? మొదటి రాయికి సున్నా పెట్టుడు మాకు కొత్తేం కాదు. గొలుసు పట్టినోళ్లకు చెప్తున్నవ్.

ఆ ఆదివారం గణపురంలో ఆ గణపసముద్రం చెరువు కట్ట కింద సున్నపు గీతలు పడ్డాయి. తుమ్మచెట్టు నీడ ఒక మూల, పశువుల అడుగులు, తడి మట్టి, పల్చటి గడ్డి, అన్నీ ఆ ఒక్క గడిలోనే. ఎనిమిదిమంది పిల్లలూ వంగి రాసుకున్నారు. తర్వాతి వారం అదే గడి అంకెను తెరమీద తెరిచారు. మూడు చిత్రాల్లో మూడు రకాలుగా ఉంది. ఏ తేదీన నీళ్లు దానిమీదికి వచ్చి ఉంటాయో వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. తేల్చడానికి ఆ చెరువు మట్టం ఏ రోజు ఎంతుందో రాసిన కాగితం కావాల్సి వచ్చింది. ఎవరి దగ్గరా దొరకలేదు.

అందుకని ఒక మాట అడుగుతున్నాను. మీ ఇంట్లో సర్వేయర్ల పాత ఫీల్డ్ బుక్కులుంటే, మత్తడి దుంకిన తేదీలు నీరటి రాసుకున్న నోటుబుక్కు ఉంటే, తాలూకాఫీసులో పనిచేసిన తాత వాన లెక్క రాసిన డైరీ ఉంటే, తూకానికి వేయకండి. మీ ఊళ్లో డిగ్రీ చదువుతున్న పిల్లల చేతిలో పెట్టండి. ఆ అంకెలు రాసిన మనిషి ఇంకా ఉంటే, ఎక్కడ నిలబడి రాశాడో అక్కడికి ఆ పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లమనండి.